వింత టీమ్‌తో పోకెమాన్ పోటీలకు దిగాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు ఎక్కువగా వీజీసీ, అంటే పోకెమాన్ అధికారిక వీడియోగేమ్ పోటీల డబుల్స్ గురించి. ఆరు పోకెమాన్‌లతో వచ్చి, ఎదుటివాళ్ల ఆరింటినీ చూసి, నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున బరిలోకి దింపే పోటీ అది. లెక్కలన్నీ స్కార్లెట్, వయొలెట్ ఆటల ప్రకారం, లెవెల్ 50 దగ్గర వేసినవి. సీజన్‌ని బట్టి ఏ పోకెమాన్‌కు అనుమతి ఉంటుందో మారుతుంది కాబట్టి అది మాత్రం ముందే చూసుకోండి.

వింత టీమ్ అని దేన్ని అంటారు?

ఎవరూ వాడని ఆరింటిని ఏరి ఒకచోట పెడితే అది వింత టీమ్ అయిపోదు, బలహీనమైన టీమ్ అవుతుంది. పేరున్న ఐదింటి మధ్య అనామకమైనది ఒక్కటే ఉన్నా, ఆట దాని చుట్టూ తిరిగితే అది వింత టీమే. ఆరూ పేరున్నవే అయినా, వాటిని ఎవరూ కలపని విధంగా కలిపితే అదీ వింత టీమే.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. వింతగా ఉండాలని వెతికి కట్టిన టీమ్ నిలబడదు. ఒక చిక్కుముడిని విప్పడానికి వెతుకుతూ పోగా, జవాబు ఎవరూ పట్టించుకోని పోకెమాన్ దగ్గర దొరికితే, అలా పుట్టిన టీమ్ నిలబడుతుంది. కింది జవాబులన్నింటికీ మూలం ఇదే.

అందరూ వాడేవే వాడితే పోలేదా?

వాడండి, తప్పేమీ లేదు. ఇన్సినెరోర్‌ని అందరూ ఊరికే పెట్టుకోవడం లేదు. అది బరిలోకి రాగానే ఇంటిమిడేట్ అనే ఎబిలిటీతో, అంటే దానంతటదే పనిచేసే గుణంతో, ఎదుటి ఇద్దరి ఎటాక్‌ని తగ్గిస్తుంది, ఫేక్ అవుట్ అనే మూవ్‌తో ఒకరిని ఆ టర్న్‌కి ఆపేస్తుంది, పార్టింగ్ షాట్‌తో ఎదుటివాళ్లను ఇంకా బలహీనపరిచి తన చోటు ఇంకొకరికి ఇచ్చి తప్పుకుంటుంది. ఒక్క చోటులో మూడు పనులు. దాన్ని తీసేయాలనుకుంటే ఆ మూడు పనులూ ఎవరికి అప్పగిస్తున్నారో ముందు రాసుకోండి. చాలా వింత టీమ్‌లు కూలిపోయేది ఇక్కడే. కొత్తది వచ్చింది, పాతది చేసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

2014లో పచిరిసుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యారట, నిజమేనా? అదృష్టం కలిసొచ్చిందా?

నిజమే. 2014 ఆగస్టులో వాషింగ్టన్ డి.సి.లో జరిగిన ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ మాస్టర్స్ విభాగంలో గెలిచాడు. అతని టీమ్‌లో పచిరిసు ఉంది. దాని బేస్ స్టాట్‌లన్నీ, అంటే బలం, వేగం లాంటివాటి పుట్టు అంకెలన్నీ, కలిపితే 405. అదే టీమ్‌లోని గార్‌చోంప్‌కి 600. ఉడతలాంటి ఆ చిన్న పోకెమాన్ అక్కడ ఏం చేస్తోందని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

అదృష్టం అనడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ టీమ్‌లో గ్యారడోస్ ఉంది, అది మెగా రూపం, అంటే మ్యాచ్ మధ్యలో మరింత బలమైన రూపం, తీసుకునేది. వాటర్, ఫ్లయింగ్ టైప్ గ్యారడోస్‌కి ఎలక్ట్రిక్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది. మెగా అయ్యాక వాటర్, డార్క్ టైప్ అవుతుంది, అప్పుడు కూడా రెండింతలు తగులుతుంది. పచిరిసు ఫాలో మీ వేస్తే ఒక్కరి మీదికి వచ్చే మూవ్‌లన్నీ దాని వైపు తిరుగుతాయి. దాని ఎబిలిటీ వోల్ట్ అబ్సార్బ్, ఎలక్ట్రిక్ మూవ్ తగిలితే నష్టం బదులు హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి, పెరుగుతుంది. గ్యారడోస్‌కి ప్రాణాంతకమైన దెబ్బ పచిరిసుకి మందు అయ్యింది.

మరి అమూంగస్ కూడా దెబ్బలను తన మీదికి తిప్పుకుంటుంది కదా అంటారు. అమూంగస్ వాడేది రేజ్ పౌడర్. ఎక్స్, వై ఆటల నుంచి పౌడర్ మూవ్‌లు గ్రాస్ టైప్ మీద పనిచేయవు, అంటే ఎదుటి గ్రాస్ పోకెమాన్ ఆ ఎరకు చిక్కదు. ఫాలో మీకి ఆ లోటు లేదు.

ఇంకా చూడండి. పచిరిసు ఎటాక్ బేస్ 45, అంటే చేతిలో బలం లేదు. అందుకే సూపర్ ఫ్యాంగ్ ఇచ్చాడు. అది కొట్టేవాడి బలంతో పని లేకుండా ఎదుటివాడి దగ్గర ఉన్న హెచ్‌పీలో సగం కోసేస్తుంది. పక్కన నజిల్, తగిలితే చాలు పెరాలసిస్ ఖాయం, దానికీ బలంతో పనిలేదు. చేతిలో హెచ్‌పీ నింపే సిట్రస్ బెర్రీ. ఎటాక్ స్టాట్ మీద ఆధారపడే మూవ్ ఒక్కటీ ముఖ్యం కాకుండా మొత్తం సెట్‌ని అమర్చాడు. ఉన్న బలహీనత ఎక్కడా అడ్డు రాని చోట దాన్ని నిలబెట్టడం, అదీ నేర్చుకోవాల్సింది. మరుసటి రోజు ఏ సంబంధమూ లేని టీమ్‌లలో పచిరిసుని పెట్టుకుని ఓడిపోయినవాళ్లు పోకెమాన్‌ని చూశారు, దాని పక్కనున్న గ్యారడోస్‌ని చూడలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? పోకెమాన్‌తోనా, ఆలోచనతోనా?

ఏదో ఒక వాక్యంతో మొదలుపెట్టండి. "టోర్కోల్ అందరికంటే ముందు ఎరప్షన్ కొట్టాలి" లాంటి వాక్యం. ఆ వాక్యం పూర్తవడానికి ఏమేం కావాలో దాని కింద రాసుకుంటూ పోండి. వాక్యం రాయలేకపోతే ఇంకా టీమ్ పుట్టలేదని అర్థం.

అదే ఉదాహరణను పూర్తిగా చూపిస్తారా?

తప్పకుండా. ఇది 2017 సీజన్‌లో బాగా తెలిసిన జంట, ఫైర్ టైప్ టోర్కోల్, గ్రాస్ టైప్ లిలిగాంట్. నేను చాలాకాలం ఆడిన జంట కూడా ఇదే.

ఎరప్షన్ బలం 150, అది ఎదుటి ఇద్దరికీ తగులుతుంది. కానీ కొట్టేవాడి హెచ్‌పీ ఎంత తగ్గితే బలం అంత తగ్గుతుంది. టోర్కోల్ బేస్ స్పీడ్ 20. స్పీడ్ ఐవీని, అంటే పుట్టుకతో వచ్చే అదనపు అంకెని, 0 పెట్టి, స్పీడ్ తగ్గించే నేచర్, అంటే స్వభావం, ఇస్తే అసలు స్పీడ్ 22. అందరూ కొట్టాక, సగం ప్రాణంతో, చివర్లో దాని వంతు వస్తుంది. చిక్కుముడి ఇదీ.

లిలిగాంట్ ఎబిలిటీ క్లోరోఫిల్, ఎండలో స్పీడ్ రెట్టింపు. టోర్కోల్ బరిలోకి రాగానే డ్రౌట్‌తో ఎండ కాస్తుంది. లిలిగాంట్ ముందుగా కదిలి ఆఫ్టర్ యూ వేస్తే, వెంటనే టోర్కోల్ వంతు వస్తుంది. 22 స్పీడ్ ఉన్నది అందరికంటే ముందు, నిండు హెచ్‌పీతో కొడుతుంది.

ఎంత కొడుతుంది? స్పెషల్ ఎటాక్‌ని పూర్తిగా పెంచితే టోర్కోల్‌కి 150 వస్తుంది. ఎదుట స్పెషల్ డిఫెన్స్ 100 ఉండి, ఫైర్‌కి బలహీనతా నిరోధమూ లేని పోకెమాన్ ఉందనుకోండి. ఎండలో, ఇద్దరికీ పంచుకునే తగ్గింపు పోయాక కూడా 144 నుంచి 171 వరకు పడుతుంది. మ్యాచ్‌కి ఒకసారి టైప్‌ని మార్చే లేదా బలపరిచే టెరాని ఫైర్‌కి వాడితే 192 నుంచి 228. అదే టోర్కోల్ హెచ్‌పీ సగానికి పడిపోయి ఉంటే, టెరా లేకుండా, 72 నుంచి 85 మాత్రమే. ఆ తేడా కోసమే ఇంత ఏర్పాటు.

ఇప్పుడు లిలిగాంట్ స్పీడ్ సంగతి. ఇక్కడ ఒక్క నేచర్ మొత్తం టీమ్ తలరాతను మార్చేస్తుంది. స్పీడ్‌లో 252 ఈవీలు, అంటే శిక్షణతో పెంచే పాయింట్లు, స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్ ఇస్తే 156, ఎండలో 312. స్పెషల్ ఎటాక్ పెంచే మోడెస్ట్ ఇస్తే 142, ఎండలో 284. మోడెస్ట్‌తో దెబ్బ కాస్త గట్టిగా పడుతుంది కదా అని నేను మొదట అదే పెట్టాను. ఎదుటివాళ్లు తెచ్చే ఫ్లట్టర్ మేన్ పూర్తి స్పీడ్ 205. దాని ఎబిలిటీ ప్రొటోసింథసిస్ స్పీడ్‌ని పెంచితే 307. ప్రొటోసింథసిస్‌ని రేపేది ఎండ, అంటే మనం కాయించిన ఎండే దాని కాళ్లకు బలం ఇస్తోంది! 284తో ఆడినన్నాళ్లూ అది నా కంటే ముందు కొట్టేది. 312కి మారాక ఐదు పాయింట్ల తేడాతో నేను ముందున్నాను. స్పీడ్ పెంచే చాయిస్ స్కార్ఫ్ పెట్టుకున్న డ్రాగపల్ట్ 319 దాకా వెళ్తుంది, దాన్ని దాటలేం. తమవాళ్ల స్పీడ్‌ని రెట్టింపు చేసే టెయిల్‌విండ్ వేసినవాళ్లతోనూ జాగ్రత్త.

ఈ జంటకి విరుగుడు ఏమిటి? ఎదుటివాళ్లు ఊరుకోరు కదా?

ఊరుకోరు. నేను ఇప్పటికీ మరిచిపోని మ్యాచ్ ఒకటుంది. ఎదుట, బరిలోకి రాగానే వాన కురిపించే పెలిపర్ టీమ్, అంటే వాన టీమ్. పెలిపర్, టోర్కోల్ రెండూ ఒకేసారి బరిలోకి వస్తే స్పీడ్ ఎక్కువ ఉన్నదాని ఎబిలిటీ ముందు పనిచేస్తుంది, నెమ్మదైనదాని వాతావరణమే చివరికి నిలుస్తుంది. టోర్కోల్ కంటే నెమ్మదైనది పెలిపర్ కాదు. అందుకని ధీమాగా ఉన్నాను. మొదటి గేమ్‌లో ఇద్దరం వాటినే ముందు దింపాం, ఎండ నిలిచింది, తేలిగ్గా గెలిచాను.

రెండో గేమ్‌లో అతను పెలిపర్‌ని వెనక ఉంచాడు. మొదటి టర్న్‌లో నేను ఆఫ్టర్ యూ, ఎరప్షన్ నొక్కాను. అతను పెలిపర్‌ని లోపలికి మార్చాడు. మార్పిడి మూవ్‌ల కంటే ముందు జరుగుతుంది. వాన పడింది, ఎండ పోయింది, క్లోరోఫిల్ ఆగిపోయింది, లిలిగాంట్ 312 నుంచి 156కి పడిపోయింది. పెలిపర్ పక్కనున్నది మామూలు స్పీడ్‌తోనే నా ఇద్దరి కంటే ముందు టోర్కోల్‌ని కొట్టింది. అది కొట్టకపోయినా లాభం లేదు, వానలో నిండు ఎరప్షన్ కూడా ఇందాకటి లెక్కలో 144 బదులు 48 దగ్గర మొదలవుతుంది. ఎత్తుకు పైఎత్తు అంటే అదే. మూడో గేమ్ కూడా నేనే ఓడిపోయాను.

ఆ రోజు నుంచి వాన టీమ్ ఎదురైతే మొదటి టర్న్‌లో ఎరప్షన్ నొక్కడం మానేశాను. పెలిపర్ బయటపడేదాకా టోర్కోల్‌ని వెనకే ఉంచుతాను. వాన వేశాక టోర్కోల్ లోపలికి వస్తే ఎండ మళ్లీ నాదే.

మిగతా విరుగుళ్లు చిన్నవి. ఫేక్ అవుట్ లిలిగాంట్‌ని ఆపేస్తుంది, దానికి కోవర్ట్ క్లోక్ ఇస్తే ఆగదు. వైడ్ గార్డ్ ఎరప్షన్‌ని పూర్తిగా అడ్డుకుంటుంది, ఎదుటి టీమ్‌లో అది కనిపిస్తే ఆ టర్న్ ఒక్కరినే కొట్టే మూవ్ వాడాలి. ఫైర్ దెబ్బ తగలనివ్వని ఫ్లాష్ ఫైర్ ఎబిలిటీ ఉన్నదాన్ని ముందు వదిలించుకోవాలి.

మిగతా నాలుగు చోట్లలో ఎవరిని పెట్టాలి?

మొదటి పథకానికి సంబంధం లేకుండా గెలిచే దారి ఒకటి వాటిలో ఉండాలి. ఆరింటినీ ఒకే పథకానికి తాకట్టు పెట్టకండి.

పై టీమ్‌లో నేను ఫారిజిరాఫ్‌ని పెట్టాను. దాని ఆర్మర్ టెయిల్ ఉన్నంతసేపూ ఎదుటివాళ్లు మన ఇద్దరి మీదా ముందు దూకే మూవ్‌లు వాడలేరు, ఫేక్ అవుట్ బెడద ఉండదు. అది ట్రిక్ రూమ్ వేస్తుంది, అప్పుడు నెమ్మదైనవే ముందు కదులుతాయి. 22 స్పీడ్ ఇక శాపం కాదు, ఒక దెబ్బకు రెండు పిట్టలు. టోర్కోల్ ఒక్కటే, దాన్ని ముందుకు నడిపే దారులు మాత్రం రెండు. ఒక దారికి లిలిగాంట్, ఇంకోదానికి ఫారిజిరాఫ్. ఈ రెండింటినీ ఒకే గేమ్‌లో తేవడం మాత్రం తప్పు, ట్రిక్ రూమ్‌లో 312 స్పీడ్ ఉన్నది అందరికంటే వెనక పడుతుంది.

చివరి మూడు చోట్లూ మామూలువే పెట్టండి. టోర్కోల్‌ని వాటర్, గ్రౌండ్, రాక్ దెబ్బల నుంచి కాచేవి, నేరుగా కొట్టి గెలిచేవి. వింతదనానికి కేటాయించాల్సింది ఒకటో రెండో చోట్లు, అంతే.

టీమ్ షీట్ అందరికీ కనిపిస్తుంటే వింత టీమ్‌కి అర్థమేముంది?

ఇది మంచి ప్రశ్న. స్కార్లెట్, వయొలెట్ అధికారిక పోటీల్లో పోకెమాన్, ఎబిలిటీ, ఐటమ్, మూవ్‌లు, టెరా టైప్ అన్నీ ఎదుటివాడికి ముందే తెలుస్తాయి. నేచర్, ఈవీలు మాత్రం కనిపించవు. ఎవరూ ఊహించని మూవ్‌ని దాచిపెట్టి గెలిచే ఎత్తులు ఇక చెల్లవు.

నా దృష్టిలో దీనివల్ల వింత టీమ్‌లకు మేలే జరిగింది. తెలిసినా ఆపలేని పథకం ఉన్నవే మిగులుతాయి. పైగా ఆరులో ఏ నాలుగు వస్తాయో, ఏ రెండు ముందు దిగుతాయో షీట్ చెప్పదు. టోర్కోల్ పక్కన లిలిగాంట్ దిగుతుందా, ఫారిజిరాఫ్ దిగుతుందా అన్నది ఎదుటివాడు ఊహించాల్సిందే, రెండింటికీ కావాల్సిన విరుగుళ్లు వేరు. టోర్నమెంట్‌లలో మూడు గేమ్‌ల్లో రెండు గెలవాలి కాబట్టి మొదటి గేమ్‌లో చూపించిన దారి రెండో గేమ్‌లో మార్చగలగాలి. ల్యాడర్‌లో, అంటే ఆన్‌లైన్ ర్యాంకుల ఆటలో, ఒక్క గేమ్‌తో ముగుస్తుంది, అక్కడి గెలుపుల్ని చూసి టీమ్ సిద్ధమైందని అనుకోకండి.

ఈవీలు ఎలా పంచాలి?

ప్రతి పాయింట్‌కీ ఒక పేరు ఉండాలి. ఎవరిని దాటడానికి ఈ స్పీడ్, ఎవరి ఏ దెబ్బకు బతకడానికి ఈ డిఫెన్స్ అని చెప్పగలగాలి. ఒక స్టాట్‌కి గరిష్ఠం 252, మొత్తం 510. ఐవీ 31 ఉంటే మొదటి 4 ఈవీలకు ఒక పాయింట్, అక్కడి నుంచి ప్రతి 8కి ఒకటి. మధ్యలో ఆగిన ఈవీలు వృథా. డామేజ్ క్యాలిక్యులేటర్ తెరిచి ఎదుటివాళ్ల దెబ్బలు వేసి చూడండి. ఒకే దెబ్బకి 16 రకాల ఫలితాలు ఉంటాయి, 85 శాతం నుంచి 100 శాతం దాకా. పదహారింటిలో పదిహేనుసార్లు బతికితే చాలా, పదహారూ కావాలా అన్నది మీ నిర్ణయం. ఆ ఒక్కటి కోసం ఇంకోచోట స్పీడ్ పోతుందంటే నేను వదిలేస్తాను.

నిద్రపుచ్చే మూవ్‌ల మీద టీమ్ కట్టవచ్చా?

సాయంగా వాడండి, పునాదిగా వద్దు. స్లీప్ పౌడర్ తగిలే అవకాశం 75 శాతం. వరుసగా రెండుసార్లు తగలాలంటే 56 శాతం, మూడుసార్లంటే 42 శాతమే. పైగా గ్రాస్ టైప్‌కి, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నదానికి అసలు పనిచేయదు.

లెవెల్ 1 రట్టాటతో పెద్ద పోకెమాన్‌లను ఓడించే పాత ఎత్తు పనిచేస్తుందా?

వీజీసీలో పనిచేయదు. ఇప్పుడు అన్నింటినీ లెవెల్ 50కి తెచ్చేస్తారు.

సింగిల్స్‌లో ఎవరూ వాడని పోకెమాన్‌లకు చోటుందా?

ఉంది, స్మోగాన్ అనే అభిమానుల సైట్ టియర్లు అందుకే పుట్టాయి. ఓయూ, యూయూ, ఆర్‌యూ, ఎన్‌యూ, పీయూ అని వాడకాన్ని బట్టి వర్గాలు. పై వర్గంలో చేరడానికి గీత 4.52 శాతం వాడకం దగ్గర ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదంటే, 15 మ్యాచ్‌లు ఆడితే కనీసం ఒక్కసారైనా ఆ పోకెమాన్ ఎదురయ్యే అవకాశం సగానికి సగం ఉండాలి. దానికి సరిపడే వాడకం అదే. మీకు నచ్చినది పీయూలో ఉంటే అక్కడే ఆడండి, అక్కడ ఆట లోతు తక్కువేమీ కాదు.

ఓడిపోతూనే ఉన్నాను. టీమ్‌ని ఎప్పుడు మార్చాలి?

మొదటి ఇరవై మ్యాచ్‌లు ఏమీ మార్చకుండా ఆడండి. షోడౌన్ అనే సిమ్యులేటర్‌లో ఉచితంగా, బ్రౌజర్‌లోనే ఆడొచ్చు, రీప్లేలు దాచుకోవచ్చు. ప్రతి ఓటమికీ మూడు విషయాలు రాయండి: ముందు ఎవరిని దింపారు, ఏ టర్న్‌లో ఆట చేజారింది, ఆ టర్న్‌లో వేరే బటన్ నొక్కి ఉంటే గెలిచేవారా. మూడోదానికి ఎక్కువసార్లు "అవును" వస్తే మార్చాల్సింది టీమ్ కాదు. "కాదు" అని వస్తూ, ఓడించింది ఒకే పోకెమాన్ అయితే, ఒక్క మార్పు చేసి మళ్లీ ఇరవై ఆడండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కొన్ని మ్యాచప్‌లు ఎప్పటికీ కష్టంగానే ఉంటాయి. అరుదుగా ఎదురయ్యేవాటిని అలాగే వదిలేయండి, వాటి కోసం టీమ్ నడుము విరగ్గొట్టకండి.

నాకు బాగా ఇష్టమైన పోకెమాన్ ఒకటుంది, ఎలాగైనా దాన్ని ఆడించాలి. దారి ఉందా?

ముందు దాని మూవ్‌ల జాబితా, ఎబిలిటీలు మొత్తం చదవండి, ఒకసారి కాదు, రెండుమూడుసార్లు. ఆ తర్వాత మీరే ఎదుటి పక్షం లాయర్‌గా మారి, అదే పని ఇంకొకటి మెరుగ్గా చేస్తుందేమో నిజాయితీగా వెతకండి.

లిలిగాంట్ విషయంలో నేను ఇదే చేశాను. వీనసార్‌కీ క్లోరోఫిల్ ఉంది, స్లీప్ పౌడర్ ఉంది, దెబ్బలు తట్టుకునే శక్తి లిలిగాంట్ కంటే ఎక్కువ. కాగితం మీద వీనసారే గెలవాలి. స్పీడ్ లెక్క వేశాను. వీనసార్ టిమిడ్‌తో 145, ఎండలో 290. ఎదుట ఫ్లట్టర్ మేన్ 307. లిలిగాంట్ 312.